లప్పం మామ కట్టిన పురుగుల ఇల్లు

భార్య భుజం కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి, "ఊఁ, పట్టుకో" అన్నాడు లప్పం మామ. ఆమె అతని మెడ చుట్టూ చెయ్యి వేసింది. వేసిందన్న మాటేగాని ఆ చేతిలో బరువే లేదు. ఆమెను కిటికీ వైపు తిప్పి, నడుం వెనక దిండు దోపి, తడి తువ్వాలుతో వీపు తుడిచి, పొడి తువ్వాలుతో మెల్లగా ఒత్తాడు. మంచంలో ఉన్న మనిషికి వీపు ఒరుసుకుపోయి పుండు పడితే ఓ పట్టాన మానదని ఆసుపత్రిలో చెప్పి పంపారు. అప్పటినుంచి పొద్దున్నే పనికి వెళ్ళేముందు ఇదే అతని మొదటి పని. అతని బొటనవేలు ఆమె వెన్నెముక వెంట ఒక్కొక్క ఎముకనీ తడుముకుంటూ కిందికి దిగింది. చర్మం ఎక్కడా చిట్లలేదు.

"ఏం వెతుకుతున్నావయ్యా? కన్నాలేమైనా ఉన్నాయా?" అంది ఆమె.

"ఉంటే పూడ్చేద్దామని."

ఆమె నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా అతను వీపు రాస్తూ నిలబడ్డాడు.

అతను పనిచేసేది చెక్కసామాను తయారుచేసే షెడ్డులో. తలుపులు, బల్లలు, బీరువాలు, అన్నీ వడ్రంగుల చేతుల్లోంచి చివరికి అతని బల్ల మీదికి వస్తాయి. మేకు దిగిన చోట గుంట ఉంటుంది, ముడి ఊడిన చోట కన్నం ఉంటుంది, అతుకు దగ్గర సందు ఉంటుంది. వాటికి లప్పం పెట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, అక్కడ ఎప్పుడూ ఏమీ జరగనట్టు చెయ్యాలి. మంచి తలుపు చూస్తే వడ్రంగిని మెచ్చుకుంటారు, మెరుగు పెట్టినవాణ్ణి మెచ్చుకుంటారు. లప్పం పెట్టినవాణ్ణి మెచ్చుకున్నవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. బాగా పెడితే కనపడదు, కనపడిందంటే బాగా పెట్టలేదన్నమాట. ఇక మెచ్చుకునేదెక్కడ? మీసాలు రాకముందు ఆ బల్ల దగ్గర నిలబడ్డాడు, ఇప్పుడా మీసాలు నెరిశాయి, బల్ల మాత్రం అదే. పిల్లల్లేరు. ఎవరితోనూ తగువుల్లేవు. సినిమాకి తీసుకెళ్తే నిద్రపోతాడు. ఇంతకుమించి అతని గురించి చెప్పమంటే అతనే బుర్ర గోక్కుంటాడు.

"ఒక్క పిందైనా నిలిచిందా?" అని అడిగింది ఆమె, కిటికీలోకి చూస్తూ.

కిటికీ అవతల పెరడు. పెరడంటే నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత. దాని గోడ మీదంతా ఆమె గుమ్మడి పాదు పాకి ఉంది. గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. దీని పుప్పొడి దానికి చేరకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. చుట్టుపక్కల వాకిళ్ళన్నీ సిమెంటు గచ్చులయ్యాక తేనెటీగలు అటువైపు రావడం మానేశాయి. రాకపోతే పోయాయి, నేను లేనా అని ఆమె ఏటా ఆ కాలంలో తెల్లవారుతూనే లేచి, మగపువ్వు కోసి, రేకులు చీల్చి, ఆడపువ్వుల్లో ఒక్కొక్కదానికీ అద్దుకుంటూ తిరిగేది. "ఇన్ని పెళ్ళిళ్ళు చేశాను, ఒక్కళ్ళూ నాకింత భోజనం పెట్టిన పాపాన పోలేదు" అని పువ్వుల్ని దెప్పేది.

ఈ ఏడు ఆమె మంచం పట్టింది. పాదు మాత్రం ఎవరి మీదా అలగకుండా పాకింది, పూసింది. అతను ప్రయత్నించకపోలేదు. కానీ అతని వేళ్ళకి గట్టి చెక్క తెలుసు, పువ్వు తెలియదు. మొదటి పువ్వు తొడిమ దగ్గరే విరిగింది, రెండోది అరచేతిలో ముద్దయింది. కిటికీలోంచి ఆమె నెత్తి కొట్టుకుంది. "అది పువ్వయ్యా, తలుపు కాదు! అలా రుద్దుతావేం?"

ఇప్పుడు అతను కిటికీలోంచి తొంగిచూశాడు. నిన్న పచ్చగా ఉన్న పిందె ఇవాళ పసుపెక్కి వేలాడుతోంది.

"ఒకటి నిలిచేలాగే ఉంది" అన్నాడు.

"అబద్ధం చెప్పడం కూడా రాదు నీకు."

ఆ మధ్య ఒకరోజు రేడియోలో ఎవరో ఆవిడ, తోటకి మేలు చేసే పురుగుల కోసం ఇల్లు కట్టిపెట్టమని చెప్పింది. ఎండుటాకులు కుక్కి పెడితే అక్షింతల పురుగులు వచ్చి చేరి, మొక్కల్ని పీల్చే పేనుబంకని తినేస్తాయట. బోలు పుల్లలు కట్టగట్టి పెడితే ఇంకేవో వస్తాయట. అన్నిటికన్నా ముఖ్యంగా, గుంపు కట్టకుండా ఒంటరిగా బతికే తేనెటీగలు కొన్ని ఉంటాయట. అవి పట్టు పెట్టవు. మొద్దులో వేలెడు లోతు కన్నం దొరికితే చాలు, అందులో గుడ్లు పెట్టుకుని, పైన మట్టి మెత్తి పోతాయి.

అది విని ఆమె మంచంలోంచి లేచినంత పని చేసింది. "విన్నావా? కన్నానికి మట్టి మెత్తుతాయట! నీ చుట్టాలేనయ్యా, పిలు!"

అదీ మొదలు. డాక్టరు "ఇక ఇంటికి తీసుకెళ్ళండి, కష్టపెట్టకుండా చూసుకోండి" అన్నాక మనుషులు ఎన్నెన్నో కోరతారు. ఎవరినో చూడాలంటారు, ఎక్కడికో వెళ్ళాలంటారు. ఆమె అడిగిందల్లా ఒక్కటే. ఒక్క తేనెటీగ ఆ ఇంట్లోకి దూరుతుంటే తన కళ్ళతో చూడాలి.

అతను కట్టడమైతే కట్టాడు. పనికిరాని చెక్కలతో ఒక అరల పెట్టె చేసి, వాన పడకుండా వాలు కప్పు పెట్టి, కిటికీకి ఎదురుగా, పొద్దుటెండ తగిలేలా గోడకి బిగించాడు. ఒక అరలో ఎండుటాకులు, ఒక అరలో ఎండుగడ్డి, ఒక అరలో పుల్లల కట్ట. నడిమి అర మాత్రం ముందుపన్ను ఊడిన నోరులా ఖాళీగా ఉండిపోయింది. తేనెటీగల మొద్దుకి నూనె, రంగు, మందు, ఏదీ తగిలి ఉండకూడదని రేడియో ఆవిడ గట్టిగా చెప్పింది. షెడ్డులో చూస్తే చెదలమందు తాగని చెక్కముక్క లేదు. ఇదుగో అదుగో అంటూ రోజులు గడిచాయి. చివరికి మేస్త్రీ, ఎక్కడో పాత ఇల్లు కూలగొడుతుంటే అడిగి, దూలం ముక్క ఒకటి తెచ్చి పెట్టాడు.

"ఇవాళ తెస్తావా?" అంది ఆమె.

"తెస్తాను."

"నిన్నా ఇదే పాట."

"నిన్న చెక్క లేదే. ఇవాళ ఉంది."

"అయితే వెలుగుండగా తీసుకురా. చీకటిపడ్డాక తెస్తే నాకేం కనపడి చస్తుంది?"

ఆమె చెల్లెలు పాలగ్లాసు పట్టుకుని వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. అక్క మంచం పట్టిందని తెలిసి, కుట్టు మిషనుతో సహా వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మిషను తొక్కుతున్నా, అన్నం వండుతున్నా, బావని ఒక మాట అననిదే ఆమెకి తోచదు.

"లోకంలో తలుపులన్నీ నున్నగా చేసి పంపిస్తావు. మన వంటింటి తలుపు సందులోంచి పిల్లి రోజూ అత్తారింటికి వచ్చినట్టు వచ్చిపోతోంది. ఇప్పుడేమో పురుగులకి మేడ! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అన్నారా?"

"మా ఆయన్ని ఏమీ అనకే" అంది అక్క, కళ్ళు మూసుకునే.

కానీ అతను చెప్పులు వేసుకుంటుంటే మరదలు గేటు దాకా వచ్చింది. ఎగతాళి మాని, గొంతు తగ్గించింది. "బావా, రాత్రి నీళ్ళు కూడా మింగలేకపోయింది. ఇవాళ మానెయ్యకూడదూ?"

అతను గేటు పట్టుకుని ఆగాడు. "మానేస్తే ఆ మొద్దు ఎలా వస్తుందే? దానికి కన్నాలు పెట్టే మిషను అక్కడే ఉంది. గంట కొట్టగానే పరిగెత్తుకొచ్చేస్తా. చూసుకో" అన్నాడు. మరదలు తల ఊపి లోపలికి వెళ్ళింది.

షెడ్డు అంటే రేకుల కప్పు, రంపంపొట్టు, చెవులు పగిలే మోత. అతను చొక్కా విప్పి మేకుకి తగిలించి, బనీనుతో బల్ల దగ్గరికి వెళ్ళి సుద్దపొడి, జిగురు, మెత్తటి రంపంపొట్టు కలిపి పిసికాడు. చెక్క రంగు బట్టి ఒకసారి కాస్త ఎర్రమట్టి, ఒకసారి కాస్త మసి. కొలతలు అతనికి లేవు, చేతికే తెలుసు. కళ్ళకన్నా ముందు అతని బొటనవేలు కన్నాన్ని కనుక్కుంటుంది, రెండో చేతిలో రేకు ఈలోపే లప్పం తీసి ఉంటుంది. ఎవరితోనైనా మాట్లాడుతున్నా, ఎటైనా చూస్తున్నా, పని దారిన పని జరిగిపోతుంది.

మధ్యాహ్నం అందరూ టిఫిను డబ్బాలు విప్పుకున్నారు. అతను డబ్బా ముట్టకుండా దూలం ముక్కని మిషను కింద పెట్టాడు. నడిమి అరకి సరిపోయేలా కోసి, ఒక్కొక్క కన్నమే పెట్టసాగాడు. కొన్ని సన్నవి, కొన్ని లావువి. అవతలికి పోకూడదు. లోపల నున్నగా ఉండాలి, లేకపోతే రెక్కలు చిరుగుతాయని చెప్పింది రేడియో ఆవిడ.

"ఒరేయ్, చూడండ్రోయ్! లప్పం మామ కన్నాలు పెడుతున్నాడు! కలికాలం!" అని కేకేశాడు ఒక వడ్రంగి.

"ఇన్నాళ్ళు పూడ్చినవన్నీ వడ్డీతో తిరిగిచ్చేస్తున్నాడు" అన్నాడు మేస్త్రీ నోట్లో ముద్దతోనే.

అతను కూడా నవ్వాడు. నిజానికి అతనికి ఎంత సంతోషంగా ఉందో చెప్పలేం. చిటికెనవేలికి గరుకు కాగితం చుట్టి ప్రతి కన్నం అంచూ గుండ్రంగా తిప్పాడు. ఉఫ్‌మని ఊదితే పాత చెక్క పొడి, ఎప్పటిదో వాసనతో, ముఖాన పడింది. తన చేతిపని ఒకటి పదిమందికీ కనపడేలా ఉండటం అతనికి ఇదే మొదలు. గంట కొట్టారు. మొద్దుని బల్ల చివర, వెళ్ళేటప్పుడు మరిచిపోకుండా, ఎదురుగా పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం బడిబల్లల చెక్కలు వచ్చి పడ్డాయి. సాయంత్రానికల్లా కావాలని మేస్త్రీ వెంటపడ్డాడు. లప్పం మామ చేతులు వాటి మానాన అవి నడిచాయి. మనసు ఇంటికి పోయింది.

పెళ్ళైన కొత్తలో ఆమెకి రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు అతను పని నుంచి వచ్చేసరికి పెరట్లో గచ్చు పగలగొట్టి మట్టి తవ్వుతోంది. ఒళ్ళంతా చెమట. వద్దనాలా, ఓదార్చాలా, ఏమనాలో అతనికి తెలియలేదు. వెళ్ళి ఆమె చేతిలో పార తీసుకుని తవ్వాడు. చీకటిపడే దాకా ఇద్దరూ ఒక్క మాట లేకుండా తవ్వారు. మర్నాడు ఆమె గుమ్మడి గింజలు నాటింది. ఆ రోజు ఏదో ఒకటి అని ఉండాల్సింది. "ఏడవకే, నేనున్నాను కదా" అనైనా అని ఉండాల్సింది. చెక్కలో కన్నం చూస్తే ఏం చెయ్యాలో తెలిసిన తనకి, మనిషిలో కన్నం చూస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. ఇవాళ ఆ మొద్దు అరలో పెట్టి, ఆమె పక్కన కూచుని, ఆ మాట చెప్పెయ్యాలి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చెబుతాడు?

గంట కొట్టారు. అతను చేతులు తుడుచుకుని బల్ల చివరికి చూశాడు. మొద్దు లేదు.

బల్ల కింద వెతికాడు. మిషను దగ్గర వెతికాడు. "నా మొద్దు ఎవరు తీశారయ్యా?" అని అందరినీ అడిగాడు. ఎవరూ తియ్యలేదు. ఆరబెట్టే చట్రం దగ్గరికి వెళ్తే, బడిబల్లల చెక్కల పక్కన పొట్టిగా, మందంగా ఒక ముక్క నిలబడి ఉంది. నున్నగా ఉంది. అతను చేతిలోకి తీసుకుని బొటనవేలితో రాశాడు. ఎక్కడా ఏమీ తగల్లేదు. తిప్పి రాశాడు. ఏమీ తగల్లేదు. దూలం రంగుకి సరిగ్గా సరిపోయేలా లప్పంలో ఎర్రమట్టి కలిపి, ఒక్కటీ వదలకుండా అన్ని కన్నాలూ పూడ్చి, పైన రుద్ది మరీ పెట్టిన పని అది. షెడ్డులో ఇంకెవరి వల్లా కాని పని.

మేస్త్రీ చూసి మొదట అర్థంకాక, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి నీ లప్పం బంగారంగాను! నీ కన్నాలు నువ్వే మింగేశావా మామా?" చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. లప్పం మామ కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మొద్దు ఒళ్ళో పెట్టుకుని అక్కడే రంపంపొట్టులో కూలబడ్డాడు.

"అయ్యో, అదేంటి మామా? రేపు పెట్టుకుందువులే. పురుగులేమైనా సామాన్లు సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాయా?"

"రేపు కాదు మేస్త్రీ" అన్నాడు అతను.

మేస్త్రీ అతని మొహం చూశాడు. వెళ్ళి, ఆపేసిన కరెంటు మళ్ళీ వేశాడు.

పై పొర గట్టిపడింది, లోపల ఇంకా ముద్దగానే ఉంది. మిషను ముల్లు దిగగానే లప్పం చుట్టుకుపోయి ఆగిపోతుంది. ఆపి, ముల్లు తుడిచి, కన్నంలో మేకు పెట్టి గోకి, మళ్ళీ దించాలి. తను పెట్టిన లప్పం ఇంత గట్టిదని అతనికి ఆ రోజే తెలిసింది. పూడ్చడం తప్ప తియ్యడం ఎప్పుడు చేశాడు గనక! మేస్త్రీ మొద్దు కదలకుండా పట్టుకున్నాడు. రేకుల సందుల్లోంచి పడే ఎండ నేల మీంచి గోడ మీదికి పాకింది. కొన్ని చాలు కదా అన్నాడు మేస్త్రీ. చాలు, కొన్నే చాలు, కానీ లప్పం మరక ఒక్కటున్నా దానికి పురుగు రాదేమోనని అతని భయం. మరక కనపడని పని చెయ్యడం తప్ప అతనికి ఇంకో రకం పని రాదు. అన్నీ గోకాడు. అన్నీ ఊదాడు. చొక్కా తొడుక్కుని, మొద్దుని తువ్వాలులో చుట్టి, బొత్తాలు పెట్టుకోకుండానే రోడ్డున పడ్డాడు.

సగం నడిచాడు, సగం పరిగెత్తాడు. ఇళ్ళ వెనక ఆకాశం ఎర్రబడింది కానీ గోడలింకా గోడల్లాగే కనపడుతున్నాయి. వెలుగుంది, వెలుగుంది అనుకుంటూ మలుపు తిరిగాడు. గేటు తెరిచే ఉంది. పక్కింటావిడ మెట్టు మీద నిలబడి, అతన్ని చూసి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి జరిగింది. అతను ఆమె వంక చూడలేదు. గుమ్మంలోకి కూడా వెళ్ళలేదు. ఇంటి పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి వెళ్ళి, తువ్వాలు విప్పి, మొద్దుని నడిమి అరలోకి తోశాడు. వెంట్రుకవాసి సందు లేకుండా కూచుంది.

వెనక్కి తిరిగి కిటికీ వంక చూశాడు. ఆమె దిండు మీద ఇటువైపే తిరిగి ఉంది.

"ఇదుగో, తెచ్చానే. చూడు" అన్నాడు.

కిటికీలోకి మరదలు వచ్చింది. ఊచలు పట్టుకుంది. "లోపలికి రా బావా."

"చూడమను ముందు."

"ఇందాకే బావా. నీళ్ళడిగింది. తెచ్చేలోపే..." మరదలు ఊచలకి నుదురు ఆనించింది. "ఎన్నిసార్లు ఫోను చేశాను బావా నీకు!"

ఫోను చొక్కా జేబులో ఉంది. ఇంతసేపూ చొక్కా మేకుకి ఉంది. ఆ మిషను మోతలో పక్కన పిడుగు పడ్డా వినపడదు.

అతను గోడ వంక చూశాడు. పువ్వుల వంక చూశాడు. అన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి.

"ఇంకా వెలుగుంది కదే" అన్నాడు.

లోపలికి వెళ్ళి మంచం పక్కన కూచున్నాడు. గోళ్ళ నిండా లప్పం. ఆ చేతులతో ఆమెని ముట్టుకోవాలంటే బెరుకుగా అనిపించి, ప్యాంటుకి తుడుచుకుని, చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి ఇంకా చల్లబడలేదు. "మధ్యాహ్నం పెట్టిన కన్నాలన్నీ నేనే పూడ్చేశానే" అని ఆమెకి చెప్పాడు. "ఎటో చూస్తూ పూడ్చేశాను. నున్నగా. నువ్వు చూస్తే నవ్వుతావు." ఈ సంగతి వింటే ఆమె దగ్గొచ్చేలా నవ్వేది, వారం రోజులు అందరికీ చెప్పి నవ్వించేది. అది తలుచుకునేసరికి అతనికి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళుగా అనాలనుకున్న మాట కూడా అప్పుడే అన్నాడు. అని, దుప్పట్లో మొహం దాచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

మరదలు అతని భుజం మీద చెయ్యేసి చాలాసేపు నిలబడింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, దోమలొస్తాయని కిటికీ తలుపు మూయబోయి, ఆగింది.

"నువ్వు వెళ్ళాక బట్టల పెట్టె తెరిపించి కళ్ళజోడు వెతికించింది బావా" అంది. "మంచం పట్టాక ఇంకెందుకని దాచేసింది కదా. సబ్బు పెట్టి కడిగించింది. 'పురుగు ఇంతే ఉంటుందే, ఉత్త కళ్ళతో కనపడదు' అంది. మడవొద్దంది. మడిస్తే విప్పడానికి చేతులు రావట్లేదు, అలాగే అందేలా పెట్టమంది."

కిటికీ గట్టు మీద కళ్ళజోడు, రెండు కాడలూ విప్పుకుని, గోడ మీది నడిమి అర వైపు తిరిగి ఉంది.